ప్రాయోజిత కథనాలు: పాఠకుడికి ఒక సూచన, సెర్చ్ ఇంజన్‌కు మరొకటి

గ్రూప్-2 పరీక్షకు ఏ కోచింగ్ మంచిదని మీరు ఇంటర్నెట్‌లో వెతికారనుకుందాం. ఒక కథనం ఒక సంస్థను తెగ మెచ్చుకుంటుంది. అది రచయిత అనుభవమా, ఆ సంస్థ డబ్బిచ్చి రాయించినదా? తెలియక ఫీజు కడితే నష్టపోయేది మీరే. పత్రికల్లో ఇటువంటి కథనం మీద 'ప్రకటన' అని వేస్తారు. ఇంటర్నెట్‌లో మాత్రం రెండు సూచనలు అవసరం.

మొదటిది పాఠకుడి కోసం. భారత ప్రకటన ప్రమాణాల మండలి (ఆస్కి) మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం డబ్బే కాదు, ఉచితంగా అందిన వస్తువు గురించి కూడా వెల్లడించాలి. అదీ 'ఇంకా చదవండి' అన్నచోట నొక్కకముందే కనిపించాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు.

రెండవది సెర్చ్ ఇంజన్ కోసం. ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకులను గూగుల్ ఒక విధంగా ఓట్లుగా పరిగణిస్తుంది. డబ్బిచ్చి పెట్టించిన లింకు కొన్న ఓటు వంటిది. అందుకే అటువంటి లింకుకు కోడ్‌లో 'నోఫాలో' (2005) లేదా 'స్పాన్సర్డ్' (2019) అనే గుర్తు చేర్చమంటుంది. ఈ గుర్తు తెరమీద కనిపించదు. కాబట్టి ఇది మొదటి సూచనకు ప్రత్యామ్నాయం కాదు.

గుర్తు పెట్టకపోతే ఎలా పట్టుకుంటుంది? డబ్బు చేతులు మారటం యంత్రానికి కనిపించదు. కనిపించేవి జాడలు మాత్రమే: వంటల పేజీ నుంచి రుణాల సంస్థకు లింకు, సంబంధంలేని అనేక సైట్లలో ఒకే పదబంధంతో ఒకే చోటికి లింకులు. 2012లో వచ్చిన పెంగ్విన్, 2022 డిసెంబరు నుంచి లింకుల మీద కూడా వాడుతున్న స్పామ్‌బ్రెయిన్ ఇటువంటి జాడలనే వెతుకుతాయి. వీటికి తోడు ఉద్యోగులు స్వయంగా పరిశీలించి తీసుకునే చర్యలూ ఉంటాయి.

2012 జనవరిలో గూగుల్ తన సొంత క్రోమ్ బ్రౌజర్ పేజీనే కనీసం 60 రోజులపాటు ర్యాంకుల్లో కిందికి దించింది. డబ్బిచ్చి రాయించిన ప్రచార కథనాల్లో ఒకదానిలోని లింకుకు నోఫాలో లేకపోవటమే కారణం. విశేషమేమంటే, ఈ సంగతిని బయటపెట్టింది యంత్రం కాదు, ఈ రంగాన్ని గమనించే బయటి రచయితలు. ఇక లింకే లేని పొగడ్తలో ఇటువంటి జాడ అసలే ఉండదు. అక్కడ పాఠకుడికి మిగిలే ఆధారం పైన కనిపించే ఆ ఒక్క మాటే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ఒక కోచింగ్ సంస్థ మీకు ఉచితంగా సీటు ఇచ్చి, తమ గురించి మీ పేజీలో రాయమంది, లింకు అవసరం లేదంది. మీరు ఏ సూచన ఇవ్వాలి? ఎక్కడ?