గోదావరి దాటితే కవ్వాల్

కోరుట్ల, చందుర్తి, సిరిసిల్ల వైపు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గరికి అడవి రోజూ తునికాకు కట్టల రూపంలో వస్తుంది. నిర్మల్ బొమ్మ కొన్నవాళ్ల ఇంట్లోనూ అడవి ముక్క ఒకటి ఉంటుంది; ఆ బొమ్మను చెక్కేది పొనికి కర్రతో. ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, తేనె... అడవి సరుకు ఊళ్లకు రావడం పాత ముచ్చటే. ఊళ్లవాళ్లు అడవిని చూడబోవడమే తక్కువ. సెలవు దొరికితే వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నర్సింహస్వామి. చేతిలో నాలుగు డబ్బులుంటే ఊటీ. గోదావరి అవతలి ఒడ్డున రెండు వేల చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం ఉందన్న సంగతి మాత్రం పేపర్లో పులి వార్త పడినప్పుడే గుర్తొస్తుంది.

దాని పేరు కవ్వాల్. జన్నారం మండలంలోని ఒక ఊరి పేరునే అడవి మొత్తానికి పెట్టారు. 1965లో వన్యప్రాణుల అభయారణ్యంగా మొదలై, 2012లో పులుల అభయారణ్యమైంది. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. జగిత్యాల వైపు నుంచి పోయేవాళ్లు ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి, లక్షెట్టిపేట నుంచి జన్నారం చేరవచ్చు. కోరుట్ల వాళ్లకు రాయికల్ దాటాక బోర్నపల్లి దగ్గర గోదావరి మీద ఇంకో వంతెన ఉంది.

బోర్డు మారితే చట్టం మారుతుంది

రోడ్డు పక్కన కనబడే బోర్డుల మీద ఒకచోట జాతీయ ఉద్యానవనం, ఒకచోట అభయారణ్యం, ఇంకోచోట పులుల అభయారణ్యం అని ఉంటుంది. మూడింటికీ మూలం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే అయినా, కట్టుబాట్లు వేరు. జాతీయ ఉద్యానవనంలో పశువులను మేపడానికి వీల్లేదు. అభయారణ్యంలో అధికారుల అదుపులో కొంత మేతకు చోటుంటుంది. పులుల అభయారణ్యాన్ని రెండు భాగాలు చేస్తారు. కోర్ అంటే మనుషుల అలజడి వీలైనంత లేకుండా జంతువులకు వదిలిన లోపలి అడవి. దాని చుట్టూ ఊళ్లు, పొలాలు, అడవి కలిసి ఉండేది బఫర్. కవ్వాల్‌లో కోర్ సుమారు 892 చదరపు కిలోమీటర్లు, బఫర్ సుమారు 1,123.

అమెరికా 1872లో ఎల్లోస్టోన్‌ను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి ఈ పద్ధతికి దారి వేసింది. మన దేశంలో మొదటిది 1936లో వచ్చింది. ఇప్పుడు దాన్ని జిమ్ కార్బెట్ పేరుతో పిలుస్తున్నారు. తెలంగాణలో జాతీయ ఉద్యానవనాలు మూడు. చిత్రమేమిటంటే ఆ మూడూ హైదరాబాద్‌లోనో, దాన్ని ఆనుకునో ఉన్నాయి: కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. పొద్దున్నే బూట్లు వేసుకుని కేబీఆర్ పార్కు చుట్టూ నడిచేవాళ్లలో తాము జాతీయ ఉద్యానవనం పక్కన నడుస్తున్నామని తలచుకునేవాళ్లు ఎందరో! అసలైన పెద్ద అడవులు కవ్వాల్, నల్లమలలోని అమ్రాబాద్. రాష్ట్రానికి ఉన్న రెండు పులుల అభయారణ్యాలు ఇవే.

పులి కోసమే పోతే

కవ్వాల్‌కు పులిని చూడాలనే పోయేవాళ్లు నిరాశతో తిరిగి రావడానికి సిద్ధపడాలి. 2022 లెక్కింపులో దేశం మొత్తం మీద పులుల సంఖ్యను 3,682గా అంచనా వేస్తే, తెలంగాణ వాటా 21 మాత్రమే. వాటిలోనూ ఎక్కువ భాగం నల్లమలవి. కవ్వాల్ కోర్‌లో పులి స్థిరంగా కాపురం పెట్టకపోవడం అటవీ శాఖకు ఏళ్ల తరబడి ఉన్న బెంగ.

పులులు రావా అంటే వస్తాయి. మహారాష్ట్రలో తడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో పులులు పెరిగి చోటు చాలనప్పుడు, వయసుకు వచ్చిన పులులు కొత్త తావు వెతుక్కుంటూ నదులు దాటి ఇటు వస్తాయి. పెన్‌గంగ దాటినవి ఆదిలాబాద్ వైపు, ప్రాణహిత దాటినవి కాగజ్‌నగర్ వైపు తేలతాయి. అలా వచ్చి కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లలను కన్న ఆడపులికి అధికారులు ఫాల్గుణ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి కవ్వాల్ కోర్ దాకా రావాలంటే దారిలో రోడ్లు, రైలు పట్టాలు, పత్తి చేలు, పశువుల మందలు. వచ్చిన పులి నిలవాలంటే జింకలు, దుప్పులు నిండుగా ఉండాలి, వాటికి గడ్డి ఉండాలి, వేసవిలో నీళ్లుండాలి. అందుకే అటవీ శాఖ గడ్డి మైదానాలు పెంచుతుంది, ఎండాకాలం సాసర్ తొట్లలో నీళ్లు పోస్తుంది. చెట్లకు కట్టిన కెమెరాలు వచ్చిపోయే పులులను ఫొటో తీస్తాయి. మనిషికి వేలిముద్రలు ఎలాగో పులికి చారలు అలాగ. ఏ రెండింటివీ ఒకలా ఉండవు గనుక లెక్క తప్పదు.

పులి కనబడకపోయినా చూడాల్సినవి బోలెడు. టేకు, మద్ది, వెదురు కలిసి పెరిగిన ఆకురాల్చే అడవి ఇది. ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాలాక మోదుగు ఎర్రగా పూస్తుంది. చుక్కల దుప్పి, సాంబారు, నీలుగాయి, కొండగొర్రె, అడవిదున్న, ఎలుగుబంటి, చిరుత, రేచుకుక్కల గుంపులు ఇక్కడి నివాసులు. పొద్దున్నే సఫారీ బండి ఎక్కినవాళ్లకు దుప్పులు, నెమళ్లు కనబడటం మామూలే. ఉన్నట్టుండి దుప్పి అరిచిందంటే దగ్గర్లో చిరుత ఉందేమోనని గైడ్ బండి ఆపుతాడు. ఆ నిమిషం చెవులతో అడవిని చూడటం తెలుస్తుంది.

అడవిలో పాత బాటసారులు

ఈ అడవిలో అందరికంటే పాత ప్రయాణికులు మెస్రం వంశపు గోండులు. ఏటా నాగోబా జాతరకు ముందు వారు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి చెప్పులు లేకుండా నడిచి, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు చేరుకుంటారు. అక్కడ గోదావరి జలం ముంచుకుని మళ్లీ నడిచే వెళ్తారు. పుష్య అమావాస్య నాటి మహాపూజలో నాగోబాకు ఆ నీళ్లతోనే అభిషేకం. జగిత్యాల జిల్లా అంచున పారే గోదావరే అది.

అందుకే ఇక్కడ అడవిని కాపాడటం అన్న మాట అంత తేలిక కాదు. నిజాం కాలంలో రిజర్వు అడవుల పేరిట పోడు భూముల నుంచి వెళ్లగొట్టినందుకే జల్, జంగల్, జమీన్ అంటూ కుమురం భీం తిరగబడి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు ఇచ్చాడు. ఇటీవల కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట ఊళ్లను కోర్ నుంచి తరలించి మద్దిపడగ దగ్గర కొత్త కాలనీలో ఇళ్లు, భూములు ఇచ్చారు. 2025లో పులుల రాకపోకల దారిని కాపాడేందుకు కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తూ ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆదివాసుల నుంచి వ్యతిరేకత రావడంతో కొద్ది వారాల్లోనే దాన్ని నిలిపివేసింది. పులికీ, గూడేనికీ ఒకే అడవి కావాలి. చూడటానికి పోయేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని పోతే గూడెం మనిషిని ఫొటోలో అలంకారంగా చూడరు.

చుట్టుపక్కల ఇంకొన్ని

మంచిర్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున 1978లో ఏర్పడిన శివ్వారం అభయారణ్యం మొసళ్లకు నెలవు. చెన్నూరు వైపు ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు పేరుపొందింది. ఇంకా పైకి పోతే బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు మీద నిలువుగా లేచిన పాలరాపు గుట్ట ఉంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా కడుపులోకి చేరి, మూత్రపిండాలు చెడి, దేశమంతటా రాబందులు రాలిపోయాయి. ఆ మందును పశువైద్యంలో 2006లో నిషేధించారు. అటువంటి రాబందులు 2013లో ఈ గుట్ట అంచుల్లో గూళ్లు కట్టుకుని కనబడ్డాయి.

పోయేముందు

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి, పచ్చదనం. మార్చి నుంచి మే దాకా ఎండ మండినా, నీళ్లు తగ్గి జంతువులు కుంటల దగ్గరికి చేరతాయి కాబట్టి కనబడే అవకాశం ఎక్కువ. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఉండదు. జన్నారంలో, కడెంలో పర్యాటక శాఖ హరిత హోటళ్లు ఉన్నాయి. కడెం ప్రాజెక్టు, అదే వాగు మీద నేరడిగొండ దగ్గరి కుంటాల జలపాతం దారి కలిసేవే. కుంటాల గుండంలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఒడ్డు నుంచి చూస్తే చాలు.

ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోవాలి. బండి దిగకూడదు, పాటలు పెట్టకూడదు. రోడ్డు మీద కోతులకు తిండి వేస్తే అవి బండ్ల కిందికి వస్తాయి. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. ఎండాకాలం ఎండుటాకుల మీద ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క ఒక్కటి చాలు, ఎకరాలకు ఎకరాలు తగలబడతాయి. తీసుకుపోయిన ప్లాస్టిక్‌ను మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి. సఫారీ వేళలు, రుసుములు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు జన్నారంలో అడిగి తెలుసుకోవడం మంచిది. స్కూలు పిల్లలను ఏటా హైదరాబాద్ జూకు తీసుకుపోయే జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల ఉపాధ్యాయులు ఒక్క ఏడాదైనా బస్సును గోదావరి వైపు తిప్పాలి.