నడినెత్తిన సూర్యుడు నిజమేనా?



“మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు” అని నేను పరీక్షలో రాశాను. చిన్న తరగతుల తమ్ముళ్ళకి కూడా అదే చెప్పాను. అది తప్పని ఒక వెదురు కర్ర చూపించింది.

సైన్సు మేస్టారు పాఠం చెప్పలేదు. సరిగ్గా మీటరు పొడవు కర్ర ఇచ్చి “మధ్యాహ్నం దీని నీడ ఎక్కడికి పోతుందో చూసి రండి” అన్నారు, అంతే. మార్చి 20న మేము నలుగురం ఆటస్థలంలో కర్ర పాతాం. పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకి నీడ కొసన గులకరాయి పెట్టుకుంటూ వచ్చాం. నీడ తగ్గింది గానీ మాయం కాలేదు! అన్నిటికన్నా పొట్టి నీడ 37 సెంటీమీటర్లు. అది కూడా సరిగ్గా 12కి కాదు, 12.05కి.

మేస్టారు లెక్క చూసి “నేల చూశారా?” అన్నారు. మన కొండల్లో చదును నేల ఎక్కడుంది? మేం పాతిన చోటు ఉత్తరానికి పల్లం. అందుకే నీడ సాగింది. మర్నాడు చోటు మార్చి, అన్నం కంచంలో నీళ్ళు పోసి మట్టం చూశాం. దారానికి రాయి కట్టి కర్ర నిలువు చూశాం. ఈసారి 33 సెంటీమీటర్లు.

నోటుబుక్కులో కర్రని 10 సెంటీమీటర్లుగా, నీడని 3.3గా గీసి, రెండు కొసలూ కలిపాను. పై మూలలో కోణమానిని పెడితే 18 డిగ్రీలు. అట్లాసులో అరకు అక్షాంశం చూశాను. 18 డిగ్రీల చిల్లర! అరకు ఎక్కడుందో మా కర్రే చెప్పేసింది.

కారణం ఏమిటంటే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో సూర్యుడు భూమధ్యరేఖకి నిట్టనిలువుగా ఉంటాడు. మనం అక్కడికి 18 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం కదా, మనకి అంత మేర దక్షిణానికి ఒరిగి కనిపిస్తాడు. నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, మే 13, జూలై 30 ప్రాంతాల్లో. మేలో మనకి సెలవులు, జూలైలో మబ్బులు. ఇంక స్కూల్లో ఎవరు చూస్తారు! ఈసారి మేలో ఊళ్ళో సామలు దంచే రోకలి నిలబెట్టి చూడండి.

ఆకాశం చూడాలంటే దుర్భిణి ఉండాలనుకునేవాణ్ణి. మన విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే సొంతంగా వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం చూశారు. అంత మనకెక్కడిది? పిడికిలి ఉంది. చెయ్యి చాచి పట్టుకుంటే సుమారు 10 డిగ్రీలు. ధ్రువనక్షత్రం కూడా ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే, అంటే రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువలో ఉండాలి. హాస్టలు దగ్గర కొండ అడ్డు. నాకింకా దొరకలేదు.

సెప్టెంబరు 23న మళ్ళీ కొలుస్తాం. అప్పుడు పొట్టి నీడ 11.51 ప్రాంతంలోనే వస్తుందట, కాబట్టి పదకొండున్నరకే రండి. భోజనం గంటకి ముందే అయిపోతుంది, వార్డెన్ గారు కూడా రావచ్చు. కంచాలు మీవి, కర్ర మాది.