గులాబీకి దసరా కత్తెర

ఢిల్లీ చలికాలపు పువ్వుల భవిష్యత్తు అక్టోబర్‌లో ఓ రెండు మూడు వారాల్లోనే తేలిపోతుంది

దసరా వెళ్లి దీపావళి ఇంకా రాని రోజుల్లో ఢిల్లీలోని కొన్ని ఇళ్ల తోటలు చూడబుద్ధి కావు. నిన్నటిదాకా నిలువెత్తున ఉన్న గులాబీ మొక్కలు మోకాలెత్తు మోడులుగా మిగులుతాయి. విజయవాడ నుంచో విశాఖ నుంచో బదిలీపై కొత్తగా వచ్చినవారు మాలీ మీద మండిపడేది సరిగ్గా ఇప్పుడే. కానీ మాలీ చేసింది తప్పు కాదు. అక్టోబర్‌లో ఆ కత్తెర పడకపోతే జనవరిలో చెప్పుకోదగ్గ పువ్వు ఉండదు.

చిక్కంతా ఇంగ్లిష్ తోటల పుస్తకాలతోనే. అక్కడ గులాబీ మంచులో నిద్రపోయి చలి తగ్గాక మేలుకుంటుంది. అందుకే కత్తిరింపు ఫిబ్రవరి, మార్చిల్లో. ఢిల్లీ గులాబీకి గడ్డుకాలం చలి కాదు, ఎండ. 45 డిగ్రీల వేడిని, వడగాడ్పును, ఆపైన వానాకాలపు ఉక్కను తట్టుకుని బతికి బట్టకట్టడమే గొప్ప. దానికి అసలైన వసంతం శరదృతువు. ఆ పుస్తకాలను నమ్మి ఫిబ్రవరిలో కత్తెర పట్టుకుంటే నరికేది నిండుగా పూసిన కొమ్మల్నే. రాష్ట్రపతి భవన్‌లోని తోటను (2023 జనవరి దాకా మొఘల్ గార్డెన్స్, ఇప్పుడు అమృత్ ఉద్యాన్) జనం ఏటా చూడడానికి ఎగబడేదీ ఫిబ్రవరి, మార్చిల్లోనే.

మన వాతావరణానికి మన గులాబీలు, మన పద్ధతులు కావాలని గట్టిగా నమ్మిన వ్యక్తి బి.పి. పాల్. వృత్తిరీత్యా గోధుమ శాస్త్రవేత్త. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా, ఆ తర్వాత భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. తీరిక దొరికితే ఆయన ధ్యాసంతా గులాబీలే. 'ఢిల్లీ ప్రిన్సెస్', 'డాక్టర్ హోమీ భాభా' ఆయన సృష్టించిన రకాలే. దేశంలో గులాబీల పెంపకంపై ఆయన రాసిన పుస్తకం 1966లో వెలువడింది.

కత్తిరింపుకు వారం, పది రోజుల ముందు నీళ్లు తగ్గించాలి. దక్కన్ ప్రాంతంలో మొదళ్ల చుట్టూ మట్టి తీసి వేళ్లకు కొన్నాళ్లు ఎండ తగలనివ్వడం పాత అలవాటు. చలి అంతగా పడని చోట మొక్కకు బలవంతపు విశ్రాంతి అన్నమాట. ఢిల్లీలో ఆ అవసరం పెద్దగా లేదు. పెద్ద పువ్వుల హైబ్రిడ్ టీ రకాలను అడుగు, అడుగున్నర ఎత్తుకు దించాలి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండాలకు కాస్త జాలి చూపాలి. తీగ గులాబీలకైతే ఎండుపుల్లలు తీసేస్తే చాలు. బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. కోసిన చోట మధ్యనుండే బెండు తెల్లగా ఉంటే కొమ్మ ఆరోగ్యంగా ఉన్నట్టు. గోధుమ రంగుకు తిరిగితే తెల్లదనం కనిపించేదాకా కిందికి కోస్తూ పోవాలి.

అక్కడ మొహమాటపడితే ప్రమాదమే. కోసిన గాయం గుండా బూజు తెగులు చొరబడి కొమ్మ పైనుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోతుంది. అంటు దాకా పాకిందంటే పదేళ్ల మొక్కయినా దక్కదు. కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను ముద్దగా కలిపి ప్రతి గాయానికీ పూయడం అందుకే. కొందరు పసుపు ముద్దతో సరిపెడతారు. ఏదీ పూయకుండా వదిలేయడం మాత్రం జూదమే. అంటు కింది నుంచి చిగురిస్తే మురిసిపోకూడదు. అది అడవి మొక్క, మొదలంటా పెరికేయాలి.

ఎరువు బాగా మాగినదే వేయాలి. పచ్చి పేడ వేస్తే ఢిల్లీ నేలలో చెదలకు విందు చేసినట్టే. వేప పిండి, ఎముకల పొడి కలిపితే మంచిది. 45 నుంచి 60 రోజుల్లో తొలి పూత వస్తుంది. చలి ముదిరితే ఇంకాస్త ఆలస్యం. పెద్ద పువ్వు కావాలనుకుంటే పక్క మొగ్గలను చిన్నగా ఉండగానే గిల్లేయాలి.

ఈ లెక్కలన్నిటినీ తారుమారు చేసేది నవంబర్ పొగ. వరి కొయ్యకాళ్ల పొగ, వాహనాల మసి, దుమ్ము కలిసి లేత ఆకులపై పేరుకుంటాయి. వెలుతురు ఎలాగూ అంతంతమాత్రం. ఉదయాన్నే ఆకులను నీటితో కడిగితే కొంత ఊరట. సాయంత్రం మాత్రం తడపకూడదు. రాత్రంతా తడి ఆరక నల్లమచ్చ తెగులు తగులుకుంటుంది. లేత చిగుళ్లపై తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తే అది బూడిద తెగులు. గంధకం మందుతో అదుపులోకి వస్తుంది.

నోయిడా, గుర్‌గావ్ అపార్ట్‌మెంట్లలో కుండీలు పెంచేవారి సమస్య వేరు. జూన్‌లో దాదాపు నడినెత్తికి వచ్చే సూర్యుడు డిసెంబర్ చివర మిట్టమధ్యాహ్నమైనా దక్షిణాన 38 డిగ్రీల ఎత్తు దాటడు. ఉత్తరం వైపు బాల్కనీలో అప్పుడు ఎండ పొడ కూడా ఉండదు. గులాబీకి రోజూ ఐదారు గంటల ఎండ కావాలి. కుండీలను మేడ మీదికి చేర్చడం ఒక్కటే దారి. లిఫ్టులో మట్టి పడిందని పక్కింటివారు గొణిగినా సరే. చలిలో కుండీలు నిదానంగా ఆరతాయి కనుక పైమట్టి అంగుళం మేర ఎండాకే నీళ్లు పోయాలి.

వాడిన పువ్వులను కాడతో సహా కోస్తూ ఉంటే ఫిబ్రవరి, మార్చిల్లో మరో విడత పూత ఉంటుంది. ఏప్రిల్ ఎండలు మొదలయ్యే సరికి ఎరువులు ఆపి, మొదళ్లలో ఎండుగడ్డి పరచాలి. కత్తెరకు నూనె రాసి దాచేయొచ్చు, మళ్లీ దసరా దాకా.