నల్లబడ్డ తెర, రూపాయి బిళ్ళంత బ్యాటరీ

మొన్న శుక్రవారం పొద్దున్న రియాద్‌లో మా గదిలో జరిగిన సంగతి ఇది. సెలవు రోజు ఊరికే ఉండలేక నా కంప్యూటర్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేద్దామని కూర్చున్నాను. నాది ఇంటెల్ కోర్ 2 డుయో ఈ6300. 266 మెగాహెర్ట్జ్‌ని 7తో గుణిస్తే వచ్చేదే దాని వేగం, అంటే 1.86 గిగాహెర్ట్జ్. బయాస్‌లోకి వెళ్ళి ఆ 266ని ఏకంగా 333 చేసి, సేవ్ చేసి రీస్టార్ట్ కొట్టాను.

అంతే! ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కేబుల్ మార్చాను. పక్కగది మానిటర్ తెచ్చి పెట్టాను. ర్యామ్ తీసి మళ్ళీ గుచ్చాను. లాభం లేదు. శుక్రవారం కదా, షాపులు తెరిచేసరికి సాయంత్రమవుతుంది.

కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నా భయమంతా హార్డ్‌డిస్క్ గురించే. అమ్మమ్మ ఫోన్లో చెబుతుంటే కాగితాల మీద రాసుకుని, తర్వాత లేఖినిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసిన 42 కథలు అందులో ఉన్నాయి. గది మారినప్పుడు ఆ కాగితాలు పారేశాను. అమ్మమ్మ నిరుడు పోయింది.

మా గదిలో ఉండే కరీంనగర్ అన్న ఏసీ మెకానిక్. నా మొహం చూసి, "పరేషాన్ గాకు తమ్మీ. మా ఏసీ బోర్డులు గిట్ల మొండికేస్తే కరెంటు మొత్తం తీసి కొంచెంసేపు ఇడిసిపెడ్తం" అన్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర.

బయాస్ సెట్టింగులు ఉండేది హార్డ్‌డిస్క్‌లో కాదు, సీమాస్ అనే చిన్న మెమరీలో. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీలో అది 64 బైట్లే: గడియారానికి 14, మిగతా వాటికి 50. ప్లగ్ పీకేసినా దాన్ని బతికించేది మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ. మనం తప్పు అంకె ఇస్తే దాన్నీ అంతే భద్రంగా దాస్తుంది. నేను 333 చేయగానే, 667 దగ్గర నడవాల్సిన ర్యామ్ కూడా దాంతోపాటు 833కి ఎక్కింది. తట్టుకోలేకపోయింది. ముందు ర్యామ్ వేగం తగ్గించి, ఆ 266ని కొంచెం కొంచెంగా పెంచాల్సింది.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టాను. కేసు ఇనుము ముట్టుకుని, బ్యాటరీ తీసి పావుగంట పక్కన పెట్టాను. చాలా బోర్డుల్లో ఇందుకోసమే బ్యాటరీ దగ్గర ఒక జంపర్ కూడా ఉంటుంది. దాన్నైనా ప్లగ్ పీకాకే కదపాలి.

మళ్ళీ పెట్టి స్విచ్ వేస్తే తెర వెలిగింది! తారీఖు 2007 జనవరి 1 అని చూపించింది. అప్పటికి అమ్మమ్మ ఇంకా ఉంది. సరిచేయడానికి ఒక నిమిషం చెయ్యి ఆడలేదు.

42 కథలూ ఉన్నాయి. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కకి మెయిల్ చేశాను. ప్రాసెసర్ ఇప్పుడు 266 దగ్గరే ఉంది. నా టైపింగ్ వేగానికి అదే ఎక్కువ!