‘క్షణం’ చూశారా? మీరు తల్లి పక్షమా, కాదా?

పిల్లల్ని ఎత్తుకుపోయే కథ అనగానే మనలో కొందరు టీవీ కట్టేస్తారు. ‘అమ్మో, నా వల్ల కాదు’ అంటారు. ఇంకొందరు పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా కళ్ళప్పగించి చూస్తారు. 2016 ఫిబ్రవరిలో విడుదలైన ‘క్షణం’ ఈ రెండు రకాల వాళ్ళకూ బాగా పని పెట్టిన సినిమా. తమిళంలో 2017లో ‘సత్య’గా, హిందీలో 2018లో ‘బాగీ 2’గా మళ్ళీ తీశారు కూడా. అయినా దాని మాట వస్తే ఇప్పటికీ నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడతారు. మీరు ఏ పక్షమో చూసుకోండి మరి!

ఇదీ కథ

అమెరికాలో ఉంటున్న రిషికి (అడివి శేష్) ఒకప్పటి ప్రియురాలు శ్వేత (అదా శర్మ) ఫోన్ చేస్తుంది. అతను పరుగున వస్తాడు. ‘నా కూతురు రియాను ఎవరో ఎత్తుకుపోయారు, వెతికిపెట్టు’ అని బతిమాలుతుందామె. తీరా ఆరా తీస్తే, అసలు ఆమెకు పాపే లేదంటారు! కట్టుకున్న భర్తదీ అదే మాట. దెబ్బ తగిలి కోమాలోకి వెళ్ళి వచ్చింది కదా, లేని పిల్లను ఊహించుకుంటోందంటాడు. పోలీసులు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. పాప ఉన్నట్టా, లేనట్టా?

‘ఊపిరి సలపనివ్వలేదు’

మొదటి పక్షం వాళ్ళది ఈ మాట. దర్శకుడు రవికాంత్ పేరేపుకు ఇదే తొలి సినిమా. స్క్రీన్‌ప్లేకు ఆయనకూ శేష్‌కూ కలిపి నంది అవార్డు వచ్చింది. టీవీలో నవ్వుతూ కనిపించే అనసూయ పోలీసు అధికారిగా, కామెడీ వేషాల సత్యం రాజేష్ సీరియస్ పోలీసుగా మెప్పించారంటారు వీళ్ళు. ‘అంతా బాగానే ఉంది గానీ, మధ్యలో ఆ పాత ప్రేమకథ ఎందుకు?’ అని విసుక్కునే వాళ్ళూ ఉన్నారు. ఆ ప్రేమ చూపించకపోతే, ఎప్పుడో విడిపోయిన మనిషి కోసం రిషి అంత దూరం నుంచి ఎందుకొస్తాడన్నది మొదటి వాళ్ళ జవాబు.

‘తల్లికి అన్యాయం చేశారు’

ఇది ఆడవాళ్ళ దగ్గర ఎక్కువగా వినిపించే మాట. తన మాట ఎవరూ నమ్మక శ్వేత కథ మధ్యలోనే ప్రాణాలు తీసుకుంటుంది. ఆ తర్వాత వెతకడం, కొట్టడం, కనిపెట్టడం అంతా హీరోదే. పిల్ల కోసం అల్లాడిన తల్లికి ఆఖరిదాకా పోరాడే అవకాశం ఇస్తే ఏం పోయేదన్నది వీళ్ళ బాధ. సబబైన బాధే! ‘ఆ చావు లేకపోతే రిషికి అంత పట్టుదల వచ్చేదా?’ అన్నది ఎదుటి వాళ్ళ వాదన. నిజమే కావచ్చు. కానీ ఒక ఆడది నిజం చెబుతోందో లేదో తేలడానికి ఆమె చచ్చిపోవాలా?

ఇక ముగింపులో వచ్చే మలుపు చూసి కళ్ళు తుడుచుకున్న వాళ్ళున్నారు, ‘మరీ సినిమాటిక్’ అని పెదవి విరిచిన వాళ్ళున్నారు. చూడని వాళ్ళ కోసం ఆ గుట్టు విప్పడం లేదు.

అసలు భయం ఎక్కడ?

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. సినిమా సగంలో ఉండగా మీరు కూడా శ్వేతను అనుమానించారా, లేదా? ‘పాపం, మతి చెడిందేమో’ అనుకున్నారు కదూ! మనం పిల్లల తల్లులమై ఉండి కూడా, నలుగురూ ఒక్కటై చెప్పేసరికి అటే మొగ్గాం. స్క్రీన్‌ప్లే గొప్పతనం అదే, మనకు చురకా అదే. ముసుగు వేసుకొచ్చిన వాడికన్నా ‘నీకు కూతురే లేదు’ అన్న మాటే ఎక్కువ భయపెడుతుంది. మన ఇళ్ళలోనూ ఆడవాళ్ళు కంగారుగా ఏదన్నా చెబితే ‘ఊరికే ఊహించుకుంటున్నావు’ అని కొట్టిపారేయడం లేదూ? అందుకే లోపాలున్నా ఈ సినిమా చూడదగ్గదే అంటాను.

నమ్మాలని చట్టమే చెబుతోంది

సినిమా సంగతి ఎలా ఉన్నా, బయట మాత్రం మీరు శ్వేతలా నిస్సహాయంగా ఉండనక్కర్లేదు. పిల్లలు కనబడలేదని ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. రాయాలనీ, మొదట అపహరణగానో అక్రమ రవాణాగానో భావించే దర్యాప్తు చేయాలనీ 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘ఒక రోజు చూసి రండి’ అంటే ఒప్పుకోకండి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ‘మా పరిధి కాదు’ అని పంపేయడానికీ వీల్లేదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 నంబర్లున్నాయి.

ఈ చిన్న జాగ్రత్తలు కూడా తీసుకోండి:

• పిల్లల తాజా ఫొటో, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఎప్పుడూ చేతికందేలా ఉంచండి.

• పుట్టుమచ్చలు, ఎత్తు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

• ఏ రోజు ఏ బట్టలు వేసి పంపారో గుర్తుంచుకోండి.

• మీ ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు పిల్లల చేత కంఠతా పట్టించండి.

అన్నిటికీ మించి, పక్కింటావిడ ‘మా పాప కనబడడం లేదండీ’ అంటూ పరుగెత్తుకొస్తే ప్రశ్నలు తర్వాత అడుగుదురు గాని, ముందు చెప్పులు వేసుకుని ఆవిడతో బయల్దేరండి.