సన్నకారు రైతుకు ఆసరా

తొలకరి చినుకు నేలను తాకగానే పల్లె మేల్కొంటుంది. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎద్దులను అలంకరించి, నాగలికి పూజచేసి, ఏరువాక సాగించడం తెలుగువారి ఆచారం. భాగవతాన్ని తెనిగించిన పోతన హలాన్ని నమ్ముకొని జీవించాడని లోకప్రతీతి. హలాన్ని ఇంతగా గౌరవించిన జాతిలో హాలికుని బతుకు నేడు బరువుగా సాగుతున్నది. ‘వాన రాకడ, ప్రాణం పోకడ తెలియవు’ అన్నారు పెద్దలు. కాని రైతును కుంగదీస్తున్నది వాన ఒక్కటే కాదు. అదనులో సరైన సలహా, న్యాయమైన వడ్డీకి అప్పు, పండిన పంటకు గిట్టుబాటు ధర లభించకపోవడం కూడా అతనిని కుంగదీస్తున్నాయి.

ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలలోపు భూమి గలవారిని సన్నకారు రైతులనీ, ఒకటి నుండి రెండు హెక్టార్ల వరకు గలవారిని చిన్నకారు రైతులనీ వ్యవహరిస్తారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలోని ప్రతి 100 కమతాలలో దాదాపు 86 ఈ రెండు తరగతులకు చెందినవే. సగటు కమతం 1.08 హెక్టార్లు మాత్రమే. చిన్న రైతు ఎరువులను, విత్తనాలను చిల్లరగా అధిక ధరకు కొంటాడు. పండిన కొద్దిపాటి పంటను కళ్లంలోనే తక్కువ ధరకు అమ్ముకుంటాడు. పెద్ద రైతు తట్టుకోగలిగిన ఒక్క ఏడాది నష్టం ఇతనిని అప్పుల ఊబిలోకి దింపుతుంది. కాబట్టి కొత్తగా సేద్యం చేపట్టేవారు, చిన్న కమతాలవారు మొదటి అడుగు నుండే జాగరూకులై ఉండాలి.

ఆ మొదటి అడుగు నేలను తెలుసుకోవడం. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వనట్లే రైతు భూసార పరీక్ష చేయించకుండా ఎరువు వేయరాదు. గట్లను, చెట్ల నీడను, పెంటకుప్పలు వేసిన చోట్లను విడిచి, పొలంలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంటలు తీసి మట్టిని సేకరించాలి. దానిని బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరకు అరకిలో మట్టిని పరీక్షకు పంపాలి. 2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకం ఈ పరీక్షకు ప్రాధాన్యం కల్పించింది. అవసరం లేని ఎరువు మానుకోవడమే చిన్న రైతుకు తొలి ఆదాయం.

రెండవది విత్తనం. ధ్రువీకృత విత్తన సంచికి నీలిరంగు చీటీ ఉంటుంది. దానిని చూచి కొనడమే కాక, రసీదును, ఖాళీ సంచిని, కొద్దిపాటి విత్తనాన్ని పంట ఇంటికి చేరేవరకు భద్రపరచుకోవాలి. విత్తే ముందు 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి మొలక పరీక్ష చేయవచ్చు. ధ్రువీకృత వరి విత్తనంలో కనీసం 80, వేరుశనగలో 70 మొలకెత్తాలి. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడే కనుక వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు మూలమైన వివాదాలు మన తెలుగునేలవే. దాచిన రసీదుకు అంతటి విలువ ఉన్నది.

మూడవది పెట్టుబడి. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా పంట రుణం పొంది గడువులోగా తీర్చినవారికి నిర్ణీత పరిమితి వరకు వడ్డీ 4 శాతానికి తగ్గుతుంది. 2025 జనవరి నుండి 2 లక్షల రూపాయల వరకు తనఖా లేకుండానే వ్యవసాయ రుణం ఇవ్వవలసి ఉన్నది. అయితే ఈ నీడ అందరికీ సమానంగా పడడం లేదు. ఏటా 6 వేల రూపాయలు అందించే ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి భూయజమానులకే వర్తిస్తుంది. చెమటోడ్చి దున్నేవాడు కౌలుదారు. కాగితంపై రైతు మరొకరు. కౌలుదారులకు రుణార్హత కల్పించేందుకు 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం కింద కార్డు పొందడానికి యజమాని అంగీకారం తప్పనిసరి. సంతకం చేస్తే భూమిపై హక్కు పోతుందేమోనని యజమాని జంకుతాడు. సంతకం లేక కౌలుదారు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. ఈ ముడి విడనిదే సహాయం నిజమైన సాగుదారును చేరదు.

సలహా ఎవరిని అడగాలన్నది మరొక ప్రశ్న. మందులమ్మే దుకాణదారే అప్పు ఇచ్చి, ఏ మందు కొట్టాలో కూడా చెబితే, ఆ సలహాలో ఎవరి లాభం ఉంటుందో ఊహించవచ్చు. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామం ఈ అనుభవాన్ని చవిచూచింది. పత్తిపై పురుగుమందులు కొట్టి కొట్టి, అప్పులపాలై, అనారోగ్యం పాలైన అక్కడి రైతులు 2000 దశకపు తొలి సంవత్సరాలలో రసాయన మందులను విడిచిపెట్టారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి - వెల్లుల్లి ద్రావణం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు వారికి ఆయుధాలయ్యాయి. మొదట కొందరు చేసి చూపగా మిగిలినవారు నమ్మారు; మహిళా సంఘాలు ముందు నిలిచాయి. ఇటువంటి పద్ధతులనే 2004 తరువాత ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా అనేక గ్రామాలకు విస్తరించింది.

సందేహ నివృత్తికి కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. వాటిలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో వెలసింది. 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరుపై ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. దళారుల బెడద తగ్గించేందుకు 1999లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు ప్రారంభమయ్యాయి. ఒంటరిగా నిలువలేనివారు కలసి కొనడానికి, కలసి అమ్మడానికి రైతు ఉత్పత్తిదారుల సంఘాలు దారి చూపుతున్నాయి.

చదువు ముగించి సేద్యంలో అడుగిడే యువకులు మరొక నియమం పాటించాలి. ఉన్న భూమి అంతటా ఒకే పంట, అదీ అరువు పెట్టుబడితో వేయరాదు. కొద్ది విస్తీర్ణంలో ప్రారంభించి, కూరగాయలో, పాడియో తోడు చేసుకొని, ప్రతి రూపాయి ఖర్చును, రాబడిని పుస్తకంలో వ్రాసుకోవాలి. లెక్క వ్రాయని సేద్యంలో నష్టం ఎక్కడ జరిగిందో కూడా తెలియదు.

నేల తక్కువైనంత మాత్రాన రైతు చిన్నవాడు కాడు. అతనికి కావలసింది జాలి కాదు. వేళకు అందే విజ్ఞానం, అప్పు, ధర, తోటివారి తోడు. ఇవి అందిననాడు ఏరువాక మళ్లీ పండుగ అవుతుంది.