ఎవరి గొంతు ఎటునుంచి?

పెళ్లి భోజనాల దగ్గర పక్కపక్కనే నాలుగు సంభాషణలు నడుస్తుంటాయి. వడ్డించేవాళ్ల కేకలు, పిల్లల గోల, మైకులో నాదస్వరం. ఇంత రొదలోనూ ఎదుటి వరసలో కూర్చున్న మేనమామ మాట మనకు తెలుస్తూనే ఉంటుంది. అదే మేనమామ, హైదరాబాద్‌లో ఉన్న అక్క, డాలస్‌లో ఉన్న తమ్ముడు గ్రూప్ కాల్‌లో కలిస్తే మాత్రం ఇద్దరు ఒకేసారి నోరు తెరిచారంటే ఒక్క ముక్కా అందదు. ‘ఒక్కొక్కరూ మాట్లాడండర్రా’ అని ఎవరో ఒకరు విసుక్కోవాల్సిందే. మనవాళ్లకు పద్ధతి లేదనుకుంటాం గానీ, ఇందులో ఫోను పాపమే ఎక్కువ.

పెళ్లిలో మనకు సాయపడేది రెండు చెవులు. ఎడమవైపు నుంచి వచ్చిన శబ్దం ముందు ఎడమ చెవిని తాకి, ఆ తర్వాత కుడి చెవిని చేరుతుంది. ఈ తేడా మహా అయితే సెకనులో వెయ్యోవంతుకు ముప్పాతిక లోపే. అయినా మెదడు దాన్ని పట్టేస్తుంది. పైగా తల అడ్డు రావడం వల్ల అవతలి చెవికి కీచు శబ్దాలు కాస్త తగ్గి వినిపిస్తాయి. బొంగురు శబ్దాల దిక్కును కాలం తేడాతో, కీచు శబ్దాల దిక్కును బిగ్గరతనం తేడాతో గుర్తిస్తామని ఇంగ్లాండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. చెవి డొప్పలోని మడతలు పైనా కిందా, ముందూ వెనకా అన్న తేడాను తెలుపుతాయి. సరిగ్గా మన ఎదుట ఉన్న శబ్దం ఒక డిగ్రీ పక్కకు జరిగినా పసిగట్టగలం.

దిక్కు తెలిస్తే మాట కూడా విడిగా తెలుస్తుందా? 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ పరిశోధకుడు దీన్ని చక్కగా తేల్చాడు. ఒకే మనిషి గొంతుతో రెండు వేర్వేరు ప్రసంగాలు రికార్డు చేయించి, రెండింటినీ కలిపి రెండు చెవులకూ వినిపించాడు. విన్నవాళ్లు కళ్లు మూసుకుని, మళ్లీ మళ్లీ వేయించుకుని, నానా తంటాలు పడితే గానీ ఒకదాన్ని విడదీయలేకపోయారు. తర్వాత ఒక ప్రసంగాన్ని ఒక చెవికి, రెండోదాన్ని ఇంకో చెవికి పంపాడు. కావలసినదాన్ని వాళ్లు తడుముకోకుండా తిరిగి పలికారు. వద్దనుకున్న చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చిన సంగతి కూడా గమనించలేదు!

మామూలు కాన్ఫరెన్స్ కాల్ మనల్ని చెర్రీ మొదటి ప్రయోగంలో కూర్చోబెడుతుంది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది, అదీ ఒకే పాయగా. కాన్ఫరెన్స్ యంత్రం అందరి గొంతులనూ కలిపేసి ఆ పాయలోకే తోసేది. ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక గొంతులు స్పష్టపడ్డాయి గానీ, అందరూ ఒకే చోటినుంచి మాట్లాడుతున్నట్టు వినిపించడం చాలాకాలం పోలేదు. ఇక గొంతుల పోలికను బట్టే మనిషిని గుర్తుపట్టాలి. అన్నదమ్ములిద్దరూ కాల్‌లో ఉంటే ఆ ఆధారమూ పోయినట్టే.

ఒక్కో గొంతు ఒక్కో దిక్కునుంచి వినిపించేలా చేసే స్పేషియల్ ఆడియో అనే పద్ధతి చేసేది ఈ ముడి విప్పడమే. ఇప్పటి చాలా కాలింగ్ యాప్‌లలో సర్వరు గొంతులను కలపదు, విడివిడిగా మనకు పంపుతుంది. కలిపే పని మన ఫోనో కంప్యూటరో చేస్తుంది. కలిపేటప్పుడే అక్క గొంతును కుడి చెవికి రవంత ఆలస్యంగా, రవంత తగ్గించి పంపితే ఆమె ఎడమవైపు కూర్చున్నట్టు ఉంటుంది. మనిషి చెవుల్లో చిన్న మైకులు పెట్టి, ఏ దిక్కు శబ్దం ఎలా మారి చేరుతుందో కొలిచిన లెక్కలు ఇందుకు ఆధారం. నెట్ భారం పెద్దగా పెరగదు.

ఇది ఒట్టి హంగు కాదు. ఒకేచోటి నుంచి వచ్చే గొంతులనూ, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చేవాటినీ 2001లో జెస్సికా బాల్డిస్ అనే పరిశోధకురాలు పోల్చి చూశారు. గొంతులను విడదీసినప్పుడు ఎవరు ఏమన్నారో శ్రోతలకు బాగా గుర్తుంది, చర్చ మరింత అర్థమైందని వాళ్లే చెప్పారు. యాపిల్ 2021లో ఫేస్‌టైమ్‌లో, మైక్రోసాఫ్ట్ 2023లో టీమ్స్‌లో ఈ సదుపాయం పెట్టాయి. తెరమీద ఎవరి బొమ్మ ఎటుంటే వారి గొంతు అటునుంచి వస్తుంది. నిజానికి రెండు చెవులకు రెండు ఫోన్ రిసీవర్లు పెట్టి పారిస్ ఒపేరా పాటను దిక్కులతో సహా వినిపించడం 1881లోనే క్లెమాన్ అదేర్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు చేసి చూపాడు. సంభాషణకు ఆ భాగ్యం పట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

అయితే గొంతులను తల చుట్టూ తిప్పాలన్న ఉబలాటం అనవసరం. అందరి చెవుల మడతలూ ఒకటి కావు కాబట్టి సగటు లెక్కలతో చేస్తే ‘ముందు’, ‘వెనక’ చాలామందికి తారుమారుగా వినిపిస్తాయి. ఎదుట అర్ధచంద్రాకారంలో ముగ్గురినీ నలుగురినీ కూర్చోబెడితే చాలు. అయిదుగురు ఒకే గదిలో ఒకే మైకు ముందు కూర్చుంటే వాళ్లను విడదీయడం ఈ పద్ధతికి కష్టం. మాట ఆలస్యంగా చేరడం వల్ల ఒకరికొకరు అడ్డుపడటాన్నీ ఇది మాన్పలేదు.

ఇంకో చిక్కు బ్లూటూత్‌తో. మైకు ఆన్ కాగానే సాధారణ బ్లూటూత్ హెడ్‌సెట్లు చాలావరకు ఒంటి పాయ ధ్వనికి దిగిపోతాయి. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి ఈ ఇబ్బంది తీరుస్తుంది గానీ అది ఫోనులోనూ హెడ్‌సెట్‌లోనూ ఉండాలి. అందాకా ఖరీదైన వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కంటే చవకరకం వైరు ఇయర్‌ఫోన్సే నయం.

కాబట్టి ఈసారి వైరు ఇయర్‌ఫోన్స్‌ను రెండు చెవులకూ, కుడి ఎడమలు చూసి పెట్టుకోండి. యాప్‌లో స్పేషియల్ ఆడియో ఉంటే ఆన్ చేయండి. ఫోన్ సెట్టింగులలో రెండు చెవులకూ ఒకే ధ్వని పంపే మోనో ఆడియో ఆన్‌లో ఉంటే తీసేయండి. ఒక్క చెవే వినిపించేవారు మాత్రం దాన్ని అలాగే ఉంచుకోవాలి, అది పెట్టింది వారి కోసమే.